పాత వీడియో గేమ్ పెట్టెలో కంప్యూటర్: బోర్డు పడుతుంది, వైర్లే పట్టవు

తమ్ముడూ, నువ్వు అడిగినదంతా చదివాను. గుంతకల్లులో మీ మేనమామ వాళ్లింటి అటక మీద క్యాసెట్లు పెట్టి ఆడే పాత టీవీ వీడియో గేమ్ దొరికింది, స్విచ్ వేస్తే ఎర్ర లైటు కూడా వెలగట్లేదు, అందుకని లోపలి సామానంతా తీసేసి రాస్ప్‌బెర్రీ పై 4 (ఒకే బోర్డు మీద ఉండే చిన్న కంప్యూటర్, కింద ‘పై 4’ అన్నది దాన్నే) పెట్టి చిన్న కంప్యూటర్ చేద్దామంటున్నావు. బోర్డు పడుతుందా, మన ఎండలకు తట్టుకుంటుందా, దాంతో పాటే దొరికిన 9 వోల్టుల అడాప్టర్ వాడొచ్చా, పెట్టె మీది బటన్లు, రెండు కంట్రోలర్లు మునుపటిలాగే పనిచేస్తాయా అని నాలుగు ప్రశ్నలు. నేను అనంతపురం పాతూరులో చాలా ఏళ్లు టీవీలు బాగుచేశాను, ఇప్పుడు సీసీ కెమెరాలు బిగిస్తుంటాను. ఇలాంటి పెట్టెలు మూడు చేశాను. మొదటిది కాలిపోయింది, రెండోది మా అక్క కొడుకు దగ్గరుంది, మూడోదాంట్లోనే ఇప్పుడు ఈ జవాబు టైప్ చేస్తున్నా.

విప్పే ముందు ఒక్క మాట. లైటు వెలగలేదంటే గేమ్ చచ్చిపోయిందని కాదు. నా దగ్గరకు వచ్చిన ఇలాంటి పెట్టెల్లో ఎక్కువ భాగం కరెంటు వచ్చే దారిలోనే పోయాయి. అడాప్టర్ వైరు పిన్ను మెడ దగ్గర లోపలే తెగిపోవడం, సాకెట్ టంకం పగిలిపోవడం, లేదంటే 7805 అనే మూడు కాళ్ల రెగ్యులేటర్ (వోల్టేజ్‌ను 5కు తగ్గించే ముక్క) పోవడం. మల్టీమీటర్ పెట్టి చూడు: దాని పేరు రాసిన వైపు నీకేసి, కాళ్లు కిందికి ఉంటే ఎడమ కాలు ఇన్‌పుట్, మధ్యది గ్రౌండ్, కుడిది 5 వోల్టులు. ఇన్‌పుట్‌లో వోల్టేజ్ ఉండి కుడి కాలి దగ్గర ఏమీ లేకపోతే మార్చాల్సింది ఆ ఒక్క ముక్కే, దానికి టీ తాగినంత ఖర్చు కూడా కాదు. అది వేస్తే గేమ్ బతికిందనుకో, మీ మేనమామను కూర్చోబెట్టి రెండు ఆటలు ఆడించు, కంప్యూటర్ కోసం పాత సామాన్ల అంగడిలో ఇంకో చచ్చిన పెట్టె వెతుక్కో. బతికున్న దాన్ని కోయడం నాకు మనసొప్పదు. 5 వోల్టులు సరిగ్గా వస్తున్నా బొమ్మ రాకపోతే మాత్రం వదిలేయొచ్చు, ఎందుకంటే ఈ పెట్టెల్లో చాలావాటికి అసలు పనంతా నల్లటి బొట్టు కింద అతికించిన ఒక్క చిప్పే చేస్తుంది, దాన్ని బాగుచేసే వాళ్లు లేరు.

ఇవి 1983లో జపాన్‌లో నింటెండో తెచ్చిన ఫామికామ్‌కు కాపీలు. అసలు దాంట్లో విడివిడిగా ఉన్న చిప్పులన్నిటినీ వీళ్లు ఒకదాంట్లో కుదించేశారు, పెట్టె సైజు మాత్రం అలాగే ఉంచారు. అందుకే విప్పగానే అరచేయంత బోర్డు ఒకటి, చుట్టూ ఖాళీ. ఆ ఖాళీ చూసి అందరూ మోసపోతారు, నేనూ మోసపోయాను.

పై 4 బోర్డు 85 మిల్లీమీటర్ల పొడుగు, 56 వెడల్పు. హాయిగా పడుతుంది. పట్టనిది దానికి గుచ్చే ప్లగ్గులు. కరెంటు ప్లగ్గు, మైక్రో హెచ్‌డీఎమ్‌ఐ ప్లగ్గు రెండూ బోర్డు పొడుగు వైపునే ఉంటాయి. ప్లగ్గు గుచ్చి, ఆ బిరుసు కేబుల్‌ను వంచితే ఇంకో 4 సెంటీమీటర్లు దానికే కావాలి. ఇంకోవైపు యూఎస్‌బీ ప్లగ్గులు. అంటే నువ్వు కొలవాల్సింది బోర్డును కాదు, ప్లగ్గులన్నీ గుచ్చిన బోర్డును. నేను మొదటిసారి బోర్డు పెట్టి చూసి, భలే సరిపోయిందని నాలుగు రంధ్రాలు వేసి బిగించేశాను, తర్వాత హెచ్‌డీఎమ్‌ఐ గుచ్చబోతే ప్లగ్గు పెట్టె గోడకు తగిలి సగమే వెళ్లింది. ఆ రంధ్రాలు ఇప్పటికీ పెట్టె కింద ఉన్నాయి.

కాబట్టి ఇలా చెయ్యి. అట్టముక్కను 85, 56 కొలతలకు కత్తిరించు, ప్లగ్గులు ఎక్కడెక్కడ బయటికి వస్తాయో అక్కడ అట్టనే పొడిగించు. దాన్ని పెట్టెలో తిప్పి తిప్పి చూసుకో. ఎత్తు కోసం పిల్లలు ఆడుకునే రంగుల బంకమట్టి కొనుక్కో. ఉండలు చేసి పెట్టె అడుగున అక్కడక్కడా పెట్టి, మూత గట్టిగా నొక్కి తీస్తే ఉండలు చపాతీలవుతాయి, వాటి మందం కొలిస్తే ఏ చోట ఎంత ఎత్తు ఖాళీ ఉందో తెలిసిపోతుంది. బోర్డులో అన్నిటికన్నా ఎత్తు ఒకదానిమీద ఒకటి ఉండే యూఎస్‌బీ సాకెట్లదే, దాదాపు 16 మిల్లీమీటర్లు. క్యాసెట్ దూర్చే చోటు కింద ప్లాస్టిక్ లోపలికి దిగి ఉంటుంది, సాకెట్లు దాని కిందకు వస్తే మూత పడదు.

హెచ్‌డీఎమ్‌ఐకి రిబ్బన్ లాంటి పల్చని కేబుళ్లు దొరుకుతాయి, మలుపు ప్లగ్గుతో సహా. అది తెప్పించుకో. కొనేటప్పుడు మలుపు ఎడమకా కుడికా అని చూసుకో, నేను తప్పుది తెప్పించుకుని పది రోజులు కూర్చున్నాను. మన ఊళ్లో సోల్డర్, వైర్లు, స్విచ్చులు, చిన్న ఫ్యాన్ దొరుకుతాయి. ఇలాంటి కేబుళ్లకు బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ అంగళ్లుండే ఎస్పీ రోడ్డే. మీకు గుంతకల్లు నుంచి రైలు ఉంది కదా, ఎవరో ఒకరు వెళ్తూనే ఉంటారు, చెప్పి తెప్పించుకో.

ప్లాస్టిక్ కోయడానికి సోల్డరింగ్ ఐరన్ వాడొద్దు. నెట్‌లో చూపిస్తారు, నున్నగా కరుగుతున్నట్టు ఉంటుంది, కానీ ఆ పొగ మంచిది కాదు, అంచు కూడా ముద్దముద్దగా వస్తుంది. హ్యాక్సా బ్లేడుకు ఒక చివర గుడ్డ చుట్టి చేత్తో పట్టుకుని కొయ్యి. సాకెట్ రంధ్రాలకైతే గీత గీసి, గీత లోపల వరసగా చిన్న రంధ్రాలు వేసి, మధ్య ముక్క విరిచేసి, ఆకురాయితో అరగదియ్యి. లోపల ప్లాస్టిక్ స్తంభాలుంటాయి, వాటిలో పాత బోర్డును పట్టుకున్నవి తీసేయొచ్చు, మూతను పట్టుకున్న వాటి జోలికి పోవద్దు. కొత్త బోర్డుకు 2.5 మిల్లీమీటర్ల స్క్రూలు, వాటికి సరిపడే చిన్న ఇత్తడి స్తంభాలు కావాలి. స్తంభాలను ఎం-సీల్‌తో అడుగున అతికిస్తే బయటికి రంధ్రాలు పడవు. అతికించేటప్పుడు స్తంభాలు నాలుగూ బోర్డుకు బిగించి ఉండాలి. విడివిడిగా అతికిస్తే ఆరిన తర్వాత ఏ రంధ్రమూ కుదరదు.

ఇక వేడి. బెంగళూరు వాళ్లు, బయటి దేశాల వాళ్లు రాసేవి చదివి ఫ్యాన్ అక్కర్లేదనుకోకు. వాళ్ల గది 25 డిగ్రీలు, మే నెలలో మన గది 38, 39. ఆ తేడా అంతా నేరుగా చిప్పు మీద పడుతుంది. పై 4 చిప్పు 80 డిగ్రీలకు రాగానే తన వేగం తనే తగ్గించుకుంటుంది, 85 దగ్గర ఇంకా తగ్గించుకుంటుంది. కాలిపోదు, కానీ ఆట నత్తనడక నడుస్తుంది, నువ్వేమో బోర్డు పాడైందని టెన్షన్ పడతావు. నా రెండో పెట్టెలో మొదట హీట్‌సింక్ (చిప్పు వేడిని లాగే లోహపు ముక్క) మాత్రమే పెట్టి మూత బిగించాను, మే నెల మధ్యాహ్నం పావుగంటలో 80 దాటింది. తర్వాత 30 మిల్లీమీటర్ల చిన్న ఫ్యాన్ పెడితే అదే మధ్యాహ్నం 65 దాటలేదు.

ఫ్యాన్ ఉండడం కాదు, గాలికి దారి ఉండడం ముఖ్యం. ఈ పెట్టెలో దారి ముందే ఉంది, అదే క్యాసెట్ దూర్చే చోటు. వేడిగాలి పైకే పోతుంది కాబట్టి అది పొగగొట్టంలా పనిచేస్తుంది. ఆ చోటు కింద ఫ్యాన్‌ను గాలి బయటికి ఊదేలా బిగించు, పెట్టె అడుగున బోర్డు కింద పది పన్నెండు రంధ్రాలు వెయ్యి, పెట్టె కాళ్లకు రబ్బరు బుష్‌లు పెట్టి సెంటీమీటరు పైకి లేపు. కాళ్లు లేపకపోతే టేబుల్ ఆ రంధ్రాలను మూసేస్తుంది. అడుగు రంధ్రాల మీద లోపలివైపు దోమతెర ముక్క అతికించు. మన జిల్లాలో గాలి మొదలైతే దుమ్ము ఎలా వస్తుందో నీకు చెప్పక్కర్లేదు, ఆరు నెలలకోసారి ఆ తెరను బ్రష్‌తో దులిపితే చాలు. బోర్డు అంచున రెండు వరసల్లో పిన్నులుంటాయి, ఫ్యాన్ వైర్లు వాటిలో 4, 6 పిన్నులకు పెడితే 5 వోల్టుల మీద పూర్తి వేగంతో తిరుగుతుంది. ఎర్ర వైరును ఒకటో పిన్నుకు మారిస్తే 3.3 వోల్టుల మీద మెల్లగా, చప్పుడు లేకుండా తిరుగుతుంది. చలికాలం అది చాలు. కొన్ని ఫ్యాన్లు 3.3 మీద అసలు కదలవు, ఓసారి చూసుకో.

అడాప్టర్ సంగతి. వద్దు. దాన్ని ఆ పెట్టె దరిదాపుల్లోకే రానివ్వొద్దు.

ఎందుకో లెక్క చెప్తాను. పై 4కు 5.1 వోల్టుల దగ్గర 3 ఆంపియర్ల దాకా కావాలి, అంటే 15 వాట్లు. ఆ పాత అడాప్టర్ మీద చూడు, 9 వోల్టుల దగ్గర కొన్ని వందల మిల్లీ ఆంపియర్లే రాసి ఉంటుంది. 500 అనుకున్నా నాలుగున్నర వాట్లే. పైగా లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న బరువైన రకమైతే ఏ లోడూ లేనప్పుడు 9 కాదు, 12 దాకా చూపిస్తుంది. పాత 7805 ఉంది కదా, వేరే పెద్ద అడాప్టర్ పెట్టి దాని ద్వారా ఇద్దామా అంటావేమో. అది ఒకటి, ఒకటిన్నర ఆంపియర్ల ముక్క. 9ని 5 చేయడానికి మిగతా 4 వోల్టులనూ వేడిగా తగలేస్తుంది. 3 ఆంపియర్లయితే 12 వాట్ల వేడి, అంటే పెట్టె లోపల 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌ను సగం వేడి మీద పెట్టినట్టే.

నా మొదటి పెట్టె ఎలా పోయిందో వినాలి నువ్వు. వెనకున్న పాత గుండ్రటి సాకెట్ చక్కగా ఉంది కదా అని దాన్నే వాడుకున్నాను. 5 వోల్టుల మంచి అడాప్టర్‌కు అదే సైజు పిన్ను వేసి, సాకెట్ నుంచి రెండు వైర్లు నేరుగా బోర్డు 5 వోల్టుల పిన్నులకు కలిపాను. నెల రోజులు బంగారంలా పనిచేసింది. దసరా సెలవులకు అక్కా వాళ్లొచ్చారు. మా అక్క కొడుకుకు అప్పుడు తొమ్మిదేళ్లు, నేను లేనప్పుడు ఆడుకుందామని పెట్టె తీసి, బీరువా కింద డబ్బాలో ఉన్న పాత అడాప్టర్ పట్టుకుని, పిన్ను సరిపోయింది కాబట్టి గుచ్చాడు. ‘టిక్’మని చిన్న చప్పుడు, తర్వాత వాసన, అంతే. వాడి తప్పేముంది, సరిపోయే సాకెట్ పెట్టింది నేను. ఆ పిన్నుల ద్వారా ఇచ్చే కరెంటుకు బోర్డులో కాపలా ఏమీ ఉండదు, ఎంత వస్తే అంతా లోపలికి పోతుంది.

అందుకని ఆ గుండ్రటి సాకెట్‌ను పీకేసి, ఆ చోట యూఎస్‌బీ-సీ సాకెట్ బిగించు. స్క్రూలతో గోడకు బిగించుకునే పొడిగింపు కేబుళ్లు దొరుకుతాయి, పొట్టిది, లావుది తీసుకో. వైరు సన్నగా ఉంటే 3 ఆంపియర్ల దగ్గర వోల్టేజ్ దారిలోనే పడిపోతుంది, 4.63 కన్నా తగ్గితే తెర మీద పసుపు మెరుపు గుర్తు వస్తుంది. ఫోన్ ఫాస్ట్ చార్జర్ సరిపోతుందా అంటే, దాని మీద 5 వోల్టుల పక్కన ఎన్ని ఆంపియర్లు రాసుందో చూడు. 65 వాట్లని పెద్దక్షరాలతో రాసి, 5 వోల్టుల దగ్గర రెండే ఆంపియర్లు ఇచ్చేవి ఉన్నాయి. పై 5 కొందామా అనే ఆలోచన కూడా ఉంటే, దానికి 5 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు కావాలి, ఆ చార్జర్ ఇంకా అరుదు, వేడీ ఎక్కువే. ఈ పెట్టెకు 4 చాలు. ఆటలొక్కటే చాలనుకుంటే జీరో 2 డబ్ల్యూ బోర్డు ఇంకా చిన్నది, 65, 30 మిల్లీమీటర్లు, వేడి తక్కువ, ధర బాగా తక్కువ. కానీ 512 ఎంబీ ర్యామ్‌తో బ్రౌజర్‌లో రెండు ట్యాబులు తెరిస్తే కూలబడుతుంది. నువ్వు కంప్యూటర్ అన్నావు కాబట్టి 4, ర్యామ్ 4 జీబీది.

బటన్లు. పెట్టె మీద రెండుంటాయి, పవర్, రీసెట్. పవర్ బటన్‌తో కరెంటును నేరుగా ఆపేసేలా పెట్టకు, మెమరీ కార్డులో రాస్తుండగా కరెంటు పోతే ఫైళ్లు చెడిపోతాయి. మనకు కావలసింది నొక్కితే కంప్యూటర్ పద్ధతిగా షట్‌డౌన్ అవడం, మళ్లీ నొక్కితే లేవడం. పై 4లో అది ఉచితం. కాన్ఫిగ్ ఫైల్‌లో (బోర్డు లేచేటప్పుడు చదివే సెట్టింగుల ఫైలు) జీపీఐఓ-షట్‌డౌన్ అనే ఓవర్‌లే, అంటే అదనపు సెట్టింగు, ఒక్క లైను చేర్చి, బటన్ రెండు వైర్లను 5వ పిన్నుకు, గ్రౌండ్‌కు కలిపితే అయిపోయింది. 5వ పిన్ను అంటే సాఫ్ట్‌వేర్ పిలిచే పేరులో జీపీఐఓ 3, నిద్రపోయిన బోర్డును లేపే గుణం ఉన్నది అదే, వేరే పిన్ను పెడితే ఆపుతుంది కానీ లేపదు. గ్రౌండ్‌కు ఎదురుగా ఉన్న 6వ పిన్ను కాకుండా అదే వరసలో ఉన్న 9వ పిన్ను వాడు, 6 పక్కనే 4వ పిన్నులో 5 వోల్టులున్నాయి, ఒక పిన్ను పక్కకు జరిగితే బోర్డు పోతుంది.

దీనికి నొక్కి వదిలేస్తే పైకి వచ్చేసే బటన్ కావాలి. రీసెట్ అలాంటిదే. పవర్ బటనేమో నొక్కితే లోపలే ఉండిపోయే రకం. అది చదరపు తెల్ల ప్లాస్టిక్ స్విచ్ అయితే పై నుంచి జాగ్రత్తగా చూడు, ఒక పక్కన గుండుపిన్ను వంచినట్టు చిన్న తీగ ఉంటుంది. నొక్కినప్పుడు లాక్ చేసేది అదే. సన్నని ముక్కుపట్టకారతో ఆ తీగను లాగేస్తే స్విచ్ రీసెట్ బటన్‌లాగే మారిపోతుంది. లాగేటప్పుడు స్ప్రింగ్ ఎగిరిపోకుండా బొటనవేలితో నొక్కి పట్టుకో, నాది ఒకటి మంచం కిందకు పోయి మళ్లీ కనబడలేదు. అటూ ఇటూ జరిపే రకం స్విచ్ అయితే దానితో పెనుగులాడకు, రీసెట్‌నే పవర్‌గా వాడుకో. ఎర్ర లైటుకు 330 ఓముల రెసిస్టర్ వేసి 8వ పిన్నుకు కలిపి, కాన్ఫిగ్‌లో సీరియల్ యూఆర్ట్ (8వ పిన్నును నడిపే సెట్టింగు) ఆన్ చేస్తే చాలు, కంప్యూటర్ నడుస్తున్నంతసేపు వెలుగుతుంది, షట్‌డౌన్ పూర్తవగానే ఆరిపోతుంది.

ఇప్పుడు కంట్రోలర్లు, ఈ మొత్తం పనిలో నాకు ఇష్టమైన భాగం. చాలామంది వాటిని పక్కన పెట్టేసి యూఎస్‌బీ గేమ్‌ప్యాడ్ కొంటారు. అలాగైతే ఇంత కష్టం ఎందుకు, ఏ డబ్బాలో పెట్టినా ఒకటే కదా.

లోపల జరిగేది చాలా చిన్న విషయం. కంట్రోలర్‌లో ఎనిమిది బటన్లున్నా వైర్లు ఐదే: 5 వోల్టులు, గ్రౌండ్, లాచ్, క్లాక్, డేటా. గేమ్ పెట్టె లాచ్ మీద ఒక తట్టు తడుతుంది, ఆ క్షణంలో ఏ బటన్లు నొక్కి ఉన్నాయో కంట్రోలర్‌లోని చిప్పు గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత క్లాక్ మీద ఒక్కో తట్టుకు ఒక్కో బటన్ సంగతి డేటా వైరు మీద చెప్తుంది. వరస ఎప్పుడూ ఇదే: ‘ఏ’ (A), ‘బీ’ (B), సెలెక్ట్, స్టార్ట్, పైకి, కిందికి, ఎడమ, కుడి. నొక్కి ఉంటే డేటా వైరు సున్నాకు పడుతుంది, లేకపోతే పైనే ఉంటుంది. లాచ్ తట్టగానే మొదటిది, అంటే ‘ఏ’ బటన్, డేటా మీద సిద్ధంగా ఉంటుంది, క్లాక్ అవసరం రెండోదాని నుంచే. ఇది తెలియక నేను ‘ఏ’ నొక్కితే ఏమీ రాక, ‘బీ’ నొక్కితే ‘ఏ’ వచ్చినట్టై ఒక రాత్రంతా తల పట్టుకున్నాను.

కష్టమంతా ఏ వైరు ఏదో కనుక్కోవడంలో ఉంది. ఈ కాపీ పెట్టెల్లో 9 పిన్నుల సాకెట్ ఉన్నా, లోపలే టంకం వేసి ఉన్నా, వైర్ల రంగులను నమ్మొద్దు, నెట్‌లో దొరికే పిన్నుల బొమ్మలనూ నమ్మొద్దు, ఒక్కో తయారీ ఒక్కో రకం. పాత బోర్డు పారేయకముందే మల్టీమీటర్ బీప్ మీద పెట్టి ఇలా వెతుకు. కంట్రోలర్ విప్పితే బటన్ల కింద నల్లటి కార్బన్ గీతలుంటాయి, అన్ని బటన్లకూ ఒక సగం ఉమ్మడిగా ఉంటుంది, ఆ ఉమ్మడి దానితో బీప్ ఇచ్చే వైరే గ్రౌండ్. పాత బోర్డులో 7805 కుడి కాలితో బీప్ ఇచ్చేది 5 వోల్టులు. ఆ రెండూ కాకుండా రెండు కంట్రోలర్ల సాకెట్లలోనూ ఒకదానితో ఒకటి కలిసి ఉన్న వైరు ఇంకొకటి దొరుకుతుంది, అది లాచ్, ఎందుకంటే అసలు ఫామికామ్‌లోనే లాచ్ ఇద్దరికీ ఒకటి, క్లాక్, డేటా ఎవరివి వాళ్లవి. మిగిలిన రెండిటిలో ఏది క్లాక్, ఏది డేటా అనేది మార్చి మార్చి చూడడమే. అలా చూసేటప్పుడు ఒక్కో వైరులో ఒక కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టు, తప్పుగా కలిపినా ఏదీ కాలదు. 9 పిన్నులలో మిగతావాటిలో కొన్ని టీవీకి గురిపెట్టే ఆట తుపాకీ కోసం, అన్నిటినీ వదిలేయ్.

ఈ వైర్లను రాస్ప్‌బెర్రీ పై బోర్డుకు నేరుగా కలిపే పద్ధతి ఉంది, నేనూ చేశాను, కానీ దానికి కెర్నల్‌లోకి (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెలోకి) వేరే డ్రైవర్ ఎక్కించాలి, అప్‌డేట్ వచ్చినప్పుడల్లా తంటా. పైగా రాస్ప్‌బెర్రీ పై పిన్నులు 3.3 వోల్టులవి, కంట్రోలర్‌ను 5 మీద నడిపి దాని డేటాను నేరుగా ఇస్తే పిన్ను పోతుంది. నా మాట విని మధ్యలో ఆర్డుయినో ప్రో మైక్రో (మనమే కోడ్ ఎక్కించుకునే చిన్న బోర్డు) 5 వోల్టులది పెట్టు. అది కంప్యూటర్‌కు మామూలు యూఎస్‌బీ జాయ్‌స్టిక్‌లా కనబడుతుంది, రేపు బోర్డు మార్చినా, ఆపరేటింగ్ సిస్టమ్ మార్చినా దాన్ని ముట్టుకోనక్కర్లేదు. అంగడిలో ఇదీ అదీ ఒకటేనని యూనో గానీ నానో గానీ (ఇవీ ఆర్డుయినో బోర్డులే) అంటగడతారు, తీసుకోకు, వాటిలోని చిప్పుకు సొంత యూఎస్‌బీ లేదు, జాయ్‌స్టిక్‌లా కనబడేలా చేసే లైబ్రరీ (ముందే రాసిపెట్టిన కోడ్) వాటి మీద నడవదు. ప్రో మైక్రోలో ఉండేది 32యూ4 చిప్పు, ఆ పేరు చూసి కొను. రెండు కంట్రోలర్లకూ లాచ్ ఒకే పిన్ను, క్లాక్ కూడా ఒకే పిన్ను ఇవ్వొచ్చు, మనం ఇద్దరినీ ఒకేసారి చదువుతాం కాబట్టి. డేటాకు మాత్రం వేర్వేరు పిన్నులు. డేటా పిన్నులకు ఇన్‌పుట్ పుల్అప్ (ఏమీ కలపనప్పుడు పిన్నును పైనే ఉంచే సెట్టింగు) పెట్టు, లేకపోతే రెండో కంట్రోలర్ పీకేసినప్పుడు బొమ్మ దానంతటదే గోడకు గుద్దుకుంటూ పరుగెత్తుతుంది. కోడ్ ముప్పై లైన్లు దాటదు, ఇంజినీరింగ్ చదువుతున్నావు, నువ్వే రాసుకో.

బటన్లు నొక్కితే పలకకపోతే కార్బన్ గీతలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడువు, రబ్బరు కింద ఉన్న నల్ల బిళ్లలను కూడా. బిళ్ల మీది నలుపు అరిగిపోయి ఉంటే మెత్తటి పెన్సిల్‌తో రుద్దు, కొన్నాళ్లు నడుస్తుంది.

మీ ఇంట్లో పాత డబ్బా టీవీ ఇంకా ఉందన్నావు. అలాగైతే పెట్టె వెనకున్న పసుపు, ఎరుపు సాకెట్లను వృథా చేయకు. పై 4లో 3.5 మిల్లీమీటర్ల గుండ్రటి సాకెట్ ఉంది, శబ్దంతో పాటు వీడియో కూడా అందులోంచే వస్తుంది. ప్లగ్గు కొన నుంచి వరసగా ఎడమ శబ్దం, కుడి శబ్దం, గ్రౌండ్, వీడియో. అంగట్లో దొరికే నాలుగు భాగాల ఏవీ (ఆడియో వీడియో) కేబుళ్లలో చాలావాటికి గ్రౌండ్, వీడియో తారుమారుగా ఉంటాయి, కలిపే ముందు బీప్ పెట్టి చూడు. పై 4లో ఈ అవుట్‌పుట్ మామూలుగా ఆపేసి ఉంటుంది, రాస్పీ-కాన్ఫిగ్‌లో (బోర్డు సెట్టింగులు మార్చే ప్రోగ్రామ్) కాంపోజిట్, అంటే ఈ పాత రకం వీడియో, ఆన్ చేయాలి. ఆన్ చేశాక మన టీవీల పాల్ పద్ధతి ఎంచుకోవడం మర్చిపోకు, అమెరికా, జపాన్‌ల ఎన్‌టీఎస్‌సీలో వదిలేస్తే మన పాత టీవీల్లో చాలావాటిలో బొమ్మ నలుపు తెలుపులో వస్తుంది. టీవీ పోయిందని నన్ను పిలిచిన వాళ్లలో ఇదే కేసు రెండుసార్లు చూశాను.

సాఫ్ట్‌వేర్ గురించి ఎక్కువ చెప్పను. కంప్యూటర్‌గా వాడుకోవడానికి ఒక కార్డులో రాస్ప్‌బెర్రీ పై ఓఎస్, ఆటలకు ఇంకో కార్డులో బటోసెరా (పాత ఆటలు ఆడించే ఉచిత సిస్టమ్). ఆట ఫైళ్లు ఎక్కడ దొరుకుతాయని నన్ను అడగొద్దు. ముప్పై ఏళ్ల నాటి ఆటలైనా వాటి హక్కులు ఇంకా కంపెనీలవే. ఇప్పటికీ ఈ పాత మిషన్ల కోసం కొత్తగా రాసి ఉచితంగా ఇచ్చే ఆటలున్నాయి, వాటితో మొదలుపెట్టు.

మన ఊళ్లలో కరెంటు పోవడం మామూలే కాబట్టి ఒకటి చెయ్యి. అన్నీ సెట్ చేసుకున్నాక రాస్పీ-కాన్ఫిగ్‌లో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఆన్ చేస్తే కార్డు మీద ఏమీ రాయదు, వంద సార్లు కరెంటు పోయినా చెక్కుచెదరదు. కానీ నువ్వు దాచుకున్న ఫైళ్లు కూడా ఆపేస్తే పోతాయి, కాబట్టి సొంత ఫైళ్లు వేరే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకో. నేనైతే ఒక పాత క్యాసెట్ డొల్లలో 22, 80 మిల్లీమీటర్ల ఎం.2 ఎస్‌ఎస్‌డీని దాని యూఎస్‌బీ బోర్డుతో సహా పెట్టేసి, క్యాసెట్ దూర్చే చోట ఒక పక్కగా చిన్న యూఎస్‌బీ కేబుల్ వదిలాను. ఫ్యాన్ గాలికి మిగతా సగం చాలు. క్యాసెట్ పెడితే ఫైళ్లు వస్తాయి, మా అక్క కొడుక్కి ఇది చూపించినప్పుడు వాడి మొహం చూడాలి.

పసుపెక్కిన ప్లాస్టిక్‌ను తెల్లగా చేయడం గురించి నువ్వు అడగలేదు కానీ అడుగుతావు. మంటలు అంటుకోకుండా కలిపే బ్రోమిన్ వల్ల వచ్చే రంగది, మందుల షాపులో దొరికే 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ముంచి ఎండలో పెడితే పోతుంది. ఎండకు మనకేం తక్కువ. లోపలి ఇనుప ముక్కలు, స్టిక్కర్లు తీసేసి, చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు పెట్టుకుని, ప్లాస్టిక్ తొట్టిలో పూర్తిగా మునిగేలా ముంచు. గాలి చొరబడని డబ్బాలో మూత బిగించొద్దు, లోపల గ్యాస్ పుట్టి పగులుతుంది. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా చాలు, మధ్యాహ్నం మిద్దె బండల మీద వదిలేస్తే పలచటి మూత వంగిపోయి మళ్లీ కూర్చోదు. కొన్నేళ్లకు పసుపు తిరిగి రావచ్చు, అది తెలిసే చెయ్యి.

మూత బిగించే ముందు చివరి పరీక్ష. అన్నీ కలిపి, మూత పెట్టి స్క్రూలు వేయకుండా, మధ్యాహ్నం రెండింటికి ఒక బరువైన ఆట గంటసేపు నడిపించు. తర్వాత టెర్మినల్ తెరిచి vcgencmd get_throttled అని కొట్టు, వోల్టేజ్ పడిందా, వేగం తగ్గిందా చెప్తుంది. 0ఎక్స్0 వస్తే స్క్రూలు బిగించుకో. 0ఎక్స్50000 లాంటిది వస్తే మధ్యలో ఎప్పుడో వోల్టేజ్ పడిపోయింది, వేగం తగ్గింది. 0ఎక్స్50005 అయితే ఇప్పుడు కూడా పడిపోతూనే ఉంది. అప్పుడు ముందు చార్జర్ కేబుల్ మార్చి చూడు, బోర్డును అనుమానించకు.

కంట్రోలర్ విప్పాక బోర్డు రెండు వైపులా, పెట్టె లోపలి సాకెట్ వెనక వైపు ఫోటోలు తీసి పెట్టు. వెలుతురులో తియ్యి, ఫ్లాష్ వద్దు, టంకం మెరిసి గీతలు కనబడవు. ఏ వైరు ఏదో చూసి చెప్తాను.